పొట్టేలుకు మూత్రం ఆగితే



మన ఇళ్లల్లో గొర్రెలనూ మేకలనూ దగ్గరుండి చూసుకునేది ఎక్కువగా ఆడవాళ్లమే. పొద్దున్నే దొడ్డి ఊడ్చేది మనం. కుడితి పెట్టేది మనం. ఏ పిల్ల పాలు తాగిందో, ఏది తాగలేదో చెప్పగలిగేది కూడా మనమే.

పొదుపు సంఘంలో అప్పు తీసుకుని పొట్టేలు పిల్లలను కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. మూడు నాలుగు నెలలు బాగా మేపుతారు. సంక్రాంతికో, బక్రీదుకో, ఊరి జాతరకో అమ్ముతారు. అప్పు కట్టగా మిగిలిన డబ్బు పిల్లల చదువుకో, ఇంటి పైకప్పుకో పనికొస్తుంది.

అట్లా బాగా బలిసిన పొట్టేలు ఒకరోజు మేత మానేస్తుంది. మూలకు పోయి నిలబడుతుంది. ముక్కుతుంది. రెండు మూడు రోజుల్లో చచ్చిపోతుంది. "దిష్టి తగిలింది" అంటారు కొందరు. "ఎవరో ఏదో పెట్టారు" అంటారు ఇంకొందరు. ఆ పొట్టేలు ఉచ్చ పోసిందా లేదా అని మాత్రం ఎవరూ అడగరు.

మూత్రనాళంలో రాయి అడ్డుపడి మూత్రం ఆగిపోతే పొట్టేళ్లు, మేకపోతులు ఇట్లాగే చనిపోతాయి. దీన్ని తొందరగా గుర్తుపడితే చాలావాటిని బతికించుకోవచ్చు. గుర్తుపట్టాల్సింది ముందుగా మనమే.

మగవాటికే ఎందుకు వస్తుంది?

రాళ్లు ఆడ గొర్రెలోనూ తయారవుతాయి. కానీ ఆడ గొర్రె మూత్రనాళం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. చిన్న రాయి ఉంటే ఉచ్చతోపాటు బయటికి పోతుంది.

పొట్టేలు మూత్రనాళం పొడుగ్గా, సన్నగా ఉంటుంది. మధ్యలో పాములా మెలిక తిరిగి ఉంటుంది. దాని చివర వానపాము పిల్లలాంటి సన్నని తోక ఒకటి ఉంటుంది. రాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఈ రెండు చోట్లే, అంటే మెలికలోనూ, తోకలోనూ. ఇసుక రేణువంత రాళ్లు నాలుగు పోగైనా చాలు, దారి మూసుకుపోతుంది.

చిన్నప్పుడే విత్తులు కొట్టించిన పోతులకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. విత్తులు ఉన్నప్పుడే మూత్రనాళం సరిగా ఎదుగుతుంది. మరీ లేత వయసులో కొట్టిస్తే నాళం సన్నగానే ఉండిపోతుంది. అందుకే ఏ వయసులో చేయించాలో డాక్టరును అడిగి చేయించడం మంచిది.

రాళ్లు ఎందుకు తయారవుతాయి?

మనం ప్రేమగా పెట్టే మేతే దీనికి పెద్ద కారణం. తొందరగా బలవాలని తవుడు, నూకలు, జొన్నలు, మొక్కజొన్నలు ఎక్కువగా పెడతాం. వీటిలో భాస్వరం ఎక్కువ, సున్నం తక్కువ. తవుడులో అయితే భాస్వరం మరీ ఎక్కువ. ఒంట్లో మిగిలిన భాస్వరం ఉచ్చలోకి చేరుతుంది. అక్కడ గడ్డకట్టి సన్నని రాళ్లవుతుంది.

మేతలో భాస్వరం ఒక పాలు ఉంటే సున్నం రెండు పాళ్లు ఉండాలి. ఉత్త తవుడు, నూకలు పెడితే ఈ లెక్క తలకిందులవుతుంది.

రెండో కారణం నీళ్లు. పెద్ద గొర్రె రోజుకు 3 నుంచి 6 లీటర్ల నీళ్లు తాగుతుంది. ఎండాకాలంలో ఇంకా ఎక్కువ తాగుతుంది. తొట్టిలో పాచి పట్టినా, నీళ్లు ఎండకు కాగినా సరిగా తాగదు. నీళ్లు తక్కువైతే ఉచ్చ చిక్కబడుతుంది. చిక్కని ఉచ్చలో రాళ్లు తొందరగా కడతాయి.

బయట తిరిగి ఆకులూ అలములూ మేసే గొర్రెకు ఈ జబ్బు తక్కువ. కట్టేసి తవుడు పెట్టి బలిపించే పొట్టేలుకు ఎక్కువ.

ఈ గుర్తులు చూడండి

1. మాటిమాటికీ వెనక కాళ్లు చాచి, నడుము వంచి ముక్కుతుంది.
2. ఉచ్చ అసలు రాదు. లేదా చుక్కలు చుక్కలుగా వస్తుంది. ఒక్కోసారి నెత్తురు కలిసి వస్తుంది.
3. తోక ఊరికే ఆడిస్తుంది. వెనక కాలితో పొట్టను తన్నుకుంటుంది.
4. పళ్లు కొరుకుతుంది. మూలుగుతుంది.
5. మేత మానేస్తుంది. నెమరు వేయదు.
6. ఉచ్చ వచ్చే చోట వెంట్రుకలు ఎండిపోయి ఉంటాయి. వాటికి తెల్లని ఇసుకలాంటి పలుకులు అంటుకుని ఉండవచ్చు.

ఆరో గుర్తు జబ్బు ముదరకముందే కనిపించవచ్చు. అందుకే వారానికి ఒకసారి పొట్టేలు పొట్ట కింద చేత్తో తడిమి చూడండి. పలుకులు చేతికి తగిలితే జబ్బు వచ్చేదాకా ఆగకండి. మేత మార్చండి, డాక్టరును అడగండి.

ముక్కడం చూసి చాలామంది పెంటికలు పడటం లేదనుకుంటారు. ఆముదం తాగిస్తారు. ఇక్కడే ఒక పూట వృథాగా పోతుంది. ముక్కే పొట్టేలును చూస్తే పెంటికల సంగతితోపాటు ఉచ్చ సంగతి కూడా చూడాలి. అనుమానంగా ఉంటే పొట్టేలును విడిగా, ఊడ్చిన పొడి నేల మీద కట్టేయండి. రెండు మూడు గంటలు గమనించండి. నేల తడవకపోతే, పొట్టేలు ముక్కుతూనే ఉంటే అది మూత్రం ఆగిన గుర్తే.

హఠాత్తుగా నెమ్మదిస్తే మోసపోవద్దు

మూత్రం ఆగినప్పుడు మూత్రపు సంచి బుడగలా ఉబ్బుతుంది. బయటికి పోవలసిన చెడు నెత్తురులోనే నిలిచిపోతుంది. దానివల్ల గుండె దెబ్బతింటుంది. పూర్తిగా ఆగిపోయిన తర్వాత ఒకటి రెండు రోజుల్లో సంచి పగిలిపోవచ్చు.

సంచి పగలగానే నొప్పి తగ్గుతుంది. అప్పటిదాకా మూలిగిన పొట్టేలు నెమ్మదిస్తుంది. పడుకుంటుంది. "అమ్మయ్య, తగ్గింది" అనుకుంటాం. కానీ తగ్గలేదు. ఉచ్చంతా పొట్టలోకి చేరుతోంది. మర్నాటికి పొట్ట రెండు పక్కలా నిండుగా ఉబ్బుతుంది. కొన్నిసార్లు సంచి కాకుండా నాళం చిట్లుతుంది. అప్పుడు పొట్ట కింద చర్మం వాచి, నొక్కితే గుంట పడుతుంది.

కాబట్టి ఒక్క మాట గుర్తుంచుకోండి. ఉచ్చ పోయకుండానే నొప్పి తగ్గితే అది తగ్గినట్టు కాదు.

వెంటనే చేయవలసినవి

తవుడు, దాణా ఆపేయండి. నీడలో మెత్తగా గడ్డి పరిచి కట్టేయండి. ఆడ గొర్రెలకు దూరంగా ఉంచండి. నీళ్లు ముందు పెట్టండి. తాగితే తాగనివ్వండి, గొట్టంతో పోయవద్దు. వెంటనే పశువుల ఆసుపత్రికి కబురు చేయండి. తెల్లారేదాకా ఆగుదాం అనుకోవద్దు.

1962 నంబరు పశువుల వైద్యం కోసమే ఉంది. సంచార పశువైద్య బండ్లు ఈ నంబరుతోనే తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో మొదలయ్యాయి. మీ మండలంలో ఆ బండి తిరుగుతుంటే ఫోన్ చేయండి. లేకపోతే దగ్గరి పశువుల ఆసుపత్రికి మనమే తీసుకుపోవాలి.

తీసుకుపోయేటప్పుడు మోటారు సైకిలు మీద పొట్ట ఆనేలా అడ్డంగా వేయవద్దు. నిండిన సంచి మీద బరువు పడితే అది దారిలోనే పగులుతుంది. ఆటోలో గడ్డి పరిచి, నిలబెట్టి గానీ, రొమ్ము మీద కూర్చోబెట్టి గానీ తీసుకుపోండి. కాళ్లు కట్టి పడేయవద్దు.

చేయకూడనివి

పొట్ట గట్టిగా పిసకవద్దు. పుల్ల గానీ, తీగ గానీ లోపలికి పెట్టవద్దు. మనుషులు వేసుకునే నొప్పి బిళ్లలు వేయవద్దు. ఉచ్చ బాగా రావడానికని మందుల షాపులో ఇచ్చే మందు కూడా వేయవద్దు. దారి మూసుకుని ఉండగా ఉచ్చ ఎక్కువగా ఊరితే సంచి ఇంకా తొందరగా పగులుతుంది.

మన చదువు పనికొచ్చే చోటు

మనం రాయడం నేర్చుకున్నాం కదా. ఇప్పుడు ఒక చీటీ రాద్దాం. ఆసుపత్రికి పోయేముందు రెండు నిమిషాలు చాలు.

పొట్టేలు వయసు: 8 నెలలు
విత్తులు కొట్టించామా: లేదు
ఉచ్చ చివరిసారి చూసింది: నిన్న సాయంత్రం 5 గంటలకు
మేత మానింది: నిన్న రాత్రి
పెడుతున్న మేత: తవుడు, నూకలు, వరిగడ్డి
ఇంట్లో ఇచ్చిన మందు: ఆముదం, ఈరోజు పొద్దున 6 గంటలకు

ఈ చీటీలో అన్నిటికంటే విలువైనది మూడో వరుస. ఉచ్చ ఆగి ఎన్ని గంటలైందో తెలిస్తే, సంచి పగిలి ఉండే అవకాశం ఎంతో డాక్టరు అంచనా వేస్తారు. ఇంట్లో ఇచ్చిన మందు దాచవద్దు. ఏమన్నా అంటారేమోనని భయపడి చెప్పకపోతే, డాక్టరు ఇచ్చే మందుకూ దానికీ పొసగక హాని జరగవచ్చు.

ఆసుపత్రిలో ఎవరు ఏం చేస్తారు?

మనుషుల ఆసుపత్రిలో నర్సమ్మ ఉన్నట్టే పశువుల ఆసుపత్రిలో పశువైద్య సహాయకులు ఉంటారు. మనం కాంపౌండరు అంటుంటాం. ఇప్పుడు ఈ పనిలో అమ్మాయిలు కూడా ఉన్నారు. పదో తరగతి తర్వాత పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లో రెండేళ్లు చదివి వస్తున్నారు.

మనం పొట్టేలును దించగానే మొదట దగ్గరికి వచ్చేది సాధారణంగా ఈ సహాయకులే. వాళ్లు అడుగుతారు:

"అమ్మా, ఉచ్చ ఎప్పుడు పోసింది?"

"నిన్న సాయంత్రం అయిదింటికి చూశానయ్యా. చీటీలో రాశాను."

"మంచి పని చేశారమ్మా. ఇట్లా ఇవ్వండి."

తర్వాత జ్వరం చూస్తారు. గొర్రెకు 102 నుంచి 104 డిగ్రీల వేడి మామూలే. మూత్రం ఆగి చాలాసేపైతే ఒళ్లు అంతకంటే చల్లబడవచ్చు. అది మంచి గుర్తు కాదు. గుండె ఎట్లా కొట్టుకుంటుందో వింటారు. పొట్ట తడిమి చూస్తారు. పరిస్థితి తొందరగా ఉంటే డాక్టరును వెంటనే పిలుస్తారు. ఎవరిని ముందు చూడాలో తేల్చడం కూడా నర్సు పనే.

డాక్టరు పరీక్ష చేయాలంటే పొట్టేలును పిర్రల మీద కూర్చోబెట్టి, వీపు మనిషికి ఆనించి పట్టుకోవాలి. మొరటుగా పట్టుకుంటే అది కొట్టుకుంటుంది, ప్రాణం మీదికి వస్తుంది. అది బెదరకుండా పట్టుకోవడం సహాయకులకు తెలుసు. ఆ చోట కడిగి శుభ్రం చేసేది, సూది మందులు సిద్ధం చేసేది, సెలైను బాటిలు చూసుకునేది కూడా వాళ్లే.

డాక్టరు నొప్పి తగ్గే మందు ఇచ్చి, నాళం చివరి తోకను చూస్తారు. రాయి అక్కడే ఉంటే ఆ తోకను కత్తిరిస్తారు. చాలాసార్లు ఉచ్చ వెంటనే ధార కడుతుంది. ఆ తోక పోయినంత మాత్రాన పొట్టేలు పనికిరాకుండా పోదు. అయితే పైనుంచి ఇంకో రాయి దిగి మళ్లీ అడ్డుపడవచ్చు. అందుకని ఇంటికి వచ్చాక కూడా కొన్నాళ్లు ఉచ్చ గమనించాలి.

రాయి పైన మెలికలో ఉంటే ఆపరేషన్ అవసరమవుతుంది. పొట్ట పక్కన చిన్న కోత పెట్టి, మూత్రపు సంచిలోకి రబ్బరు పైపు పెడతారు. ఉచ్చ ఆ పైపు ద్వారా బయటికి వస్తుంది. ఈలోగా రాళ్లు కరగడానికి మందు ఇస్తారు. ఇలాంటి ఆపరేషన్లు తిరుపతి, గన్నవరం, రాజేంద్రనగర్ పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో చేస్తారు. మండల ఆసుపత్రి డాక్టరు రాసిచ్చిన కాగితంతో పోతే పని తేలిక.

ఇంకో సంగతి తెలుసుకోవాలి. 1984లో వచ్చిన చట్టం ప్రకారం పశువైద్యం చేయవలసింది రిజిస్టరైన డాక్టరు. సహాయకులు డాక్టరు పర్యవేక్షణలో టీకాలు, కట్లు కట్టడం లాంటి చిన్న పనులు చేయవచ్చు. ఆపరేషన్ చేయకూడదు. "నువ్వే కోసి తీసెయ్యి నాయనా, డాక్టరు ఎందుకు" అని మనం బలవంతం చేయడం తప్పు.

ఇంటికి వచ్చాక మనమే నర్సులం

ఆపరేషన్ అయిన పొట్టేలుకు పైపు ఒకటి రెండు వారాలు ఉండవచ్చు. అన్ని రోజులూ ఆసుపత్రి వాళ్లు మన దొడ్లో ఉండరు. ఆ పని మన మీద పడుతుంది. ఏం చేయాలో సహాయకులు చెబుతారు. అర్థం కాకపోతే సిగ్గుపడకుండా మళ్లీ అడగండి.

పొట్టేలును విడిగా, పొడి నేల మీద ఉంచాలి. కంప, ముళ్లు ఉండకూడదు, పైపు చిక్కుకుంటుంది. ముట్టుకునే ముందు, ముట్టుకున్న తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కుట్ల దగ్గర ఈగలు వాలితే పురుగు పడుతుంది. డాక్టరు ఇచ్చిన పూత మందు మానకుండా రాయాలి.

పైపులోంచి ఉచ్చ చుక్కలు చుక్కలుగా పడుతూ ఉండాలి. ఆగిపోయిందంటే వెంటనే ఫోన్ చేయాలి. డాక్టరు చెప్పిన రోజున పైపును కాసేపు మూసి చూస్తారు. మామూలు దారిన ఉచ్చ ధారగా వస్తే పైపు తీసేస్తారు. మనంతట మనం పైపు లాగకూడదు.

రోజుకు మూడుసార్లు గోడ మీద సుద్దతో గానీ, నోటుబుక్కులో గానీ రాయండి. ఉచ్చ వచ్చిందా, మేత తిన్నదా, మందు వేశామా. ఈ మూడు మాటలు చాలు. సహాయకులు వచ్చినప్పుడు అది చూపిస్తే మీరు చెప్పే పని కూడా ఉండదు.

రాళ్లు కరగడానికి ఇచ్చే మందుల్లో ఒకటి అమ్మోనియం క్లోరైడ్. మన పెద్దవాళ్లు నవాసారం అంటారు. వెనకటికి గిన్నెలకు కళాయి పూసేవాళ్లు ఇదే వాడేవారు. అట్లాగని బజారులో కొని పెట్టవద్దు. మోతాదు మించితే ప్రమాదం. పొట్టేలును తూచి, ఎంత పెట్టాలో డాక్టరే చెప్పాలి.

మందులు వాడిన పొట్టేలును డాక్టరు చెప్పిన రోజులు దాటేదాకా కోతకు అమ్మకూడదు. ఆ మాంసం తిన్నవాళ్లకు మంచిది కాదు.

రాకుండా చూసుకోవడమే మేలు

ఆపరేషన్ వరకు పోతే బండి కిరాయి, మందులు, కూలి పోవడం అన్నీ కలిసి పొట్టేలు ధరకు దగ్గరవుతాయి. అన్నీ బతుకుతాయని కూడా లేదు. రాకుండా చూసుకోవడానికి పెద్ద ఖర్చు లేదు.

ఉత్త తవుడు పెట్టవద్దు. దాణా కొంచెం కొంచెంగా పెంచండి. దాణాతోపాటు ఆకు మేత తప్పకుండా ఉండాలి. సుబాబుల్, అవిసె, వేరుశనగ కట్టె లాంటివాటిలో సున్నం ఎక్కువ. రోజూ కొంతసేపు బయట తిప్పి మేపండి.

తొట్టి రోజూ కడిగి, నీడలో పెట్టి, చల్లని నీళ్లు నింపండి. దాణాలో కొద్దిగా ఉప్పు కలిపితే దాహమై నీళ్లు తాగుతుంది. లవణ మిశ్రమం ఎంత కలపాలో ఆసుపత్రిలో అడగండి.

మందలో విత్తనపు పొట్టేలు ఒక్కటే ఉంటుంది. తెలంగాణలో 2017లో మొదలైన గొర్రెల పంపిణీలో 20 గొర్రెలకు 1 పొట్టేలు చొప్పున ఇచ్చారు. ఆ ఒక్కటి పోతే 20 గొర్రెల చూళ్లు ఆలస్యమవుతాయి. బలవాలని దానికి ఒక్కదానికే ఎక్కువ తవుడు పెడుతుంటాం. అదే దానికి చేటు.

ఎద్దుకూ, పిల్లికీ కూడా

ఎద్దులకు, కోడెలకు కూడా ఇట్లాగే మూత్రం ఆగుతుంది. గుర్తులు దాదాపు ఇవే. ఇంట్లో ఎలుకల కోసం పెంచుకునే గండుపిల్లికీ వస్తుంది. అది మాటిమాటికీ ఉచ్చకు కూర్చుంటుంది, అరుస్తుంది, ఆ చోట నాకుకుంటుంది. చుక్క కూడా రాదు. పిల్లికి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది. పిల్లే కదా అని వదిలేయవద్దు. డాక్టరు సన్నని గొట్టం పెట్టి దారి తెరుస్తారు. ఆ తర్వాత ఎంత ఉచ్చ వస్తుందో గంటగంటకూ కొలిచి రాసేది నర్సే. ఏ జీవికైనా పని ఒకటే. కనిపెట్టి చూడాలి, చూసింది రాయాలి, రాసింది డాక్టరుకు చెప్పాలి.

మాట్లాడుకోండి

1. మీ ఊళ్లో ఇట్లా చనిపోయిన పొట్టేలు, మేకపోతు ఉన్నాయా? అప్పుడు కారణం ఏమనుకున్నారు?
2. ముక్కే పొట్టేలుకు ఆముదం తాగిస్తే నష్టం ఏమిటి?
3. నొప్పి హఠాత్తుగా తగ్గితే ఎందుకు భయపడాలి?

రాయండి

1. మీ పొట్టేలుకు రోజూ ఏ మేత ఎంత పెడుతున్నారో రాయండి. అందులో ఆకు మేత ఎంత ఉందో చూడండి.
2. మీ మండల పశువుల ఆసుపత్రి ఫోన్ నంబరు కనుక్కోండి. దాని పక్కన 1962 కూడా రాయండి. రెండు నంబర్లూ దొడ్డి గోడ మీద పెద్ద అంకెలతో రాసి పెట్టుకోండి.